అంకె అనాలా, సంఖ్య అనాలా?

సందేహం: హనుమకొండ నుంచి లెక్కల సారు ఒకరు అడిగారు. చదరంగం గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అని రెట్టిస్తూ గింజలు పోస్తే 64 గళ్లకూ కలిపి 18446744073709551615 అవుతాయని పిల్లలకు చెబుతూ ‘ఇంత పెద్ద అంకె’ అన్నారట. తోటి తెలుగు సారు ‘సంఖ్య అనాలి’ అని దిద్దారట. ఏది ఒప్పు? దీన్ని తెలుగులో ఎట్లా చదవాలి?

సమాధానం: ‘అంక’ అంటే గుర్తు, దాని నుంచి వచ్చిందే అంకె. సున్నా నుంచి తొమ్మిది దాకా ఉన్న గుర్తులు అంకెలు, వాటితో కట్టినది సంఖ్య. పాఠం చెప్పేటప్పుడు ఈ తేడా పాటించాలి. మాటల్లో ‘పెద్ద అంకె’ అంటే తప్పని మాత్రం నేను అనలేను. బడ్జెట్ అంకెలు అని అందరం అంటూనే ఉన్నాం కదా.

అసలు ఈ సంఖ్యను పావులూరి మల్లన పేర వినిపించే ఒక పద్యం ఎప్పుడో మనకు అందించింది. మహావీరాచార్యుల గణితసార సంగ్రహాన్ని తెలుగు చేసిన మహానుభావుడాయన. అందులో ఒక్కో మాట ఒక్కో అంకెకు గుర్తు: శర, శశి, షట్క, చంద్ర, శర, సాయక, రంధ్ర, వియత్, నగ, అగ్ని, భూధర, గగన, అబ్ధి, వేద, గిరి, తర్క, పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశు. శర అంటే బాణం, మన్మథుడి బాణాలు ఐదు; శశి అంటే చంద్రుడు, ఒకడే; గగన అంటే ఆకాశం, సున్నా; కుంజర అంటే ఏనుగు, దిగ్గజాలు ఎనిమిది. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు రాసుకుంటూ పోతే ఇరవై అంకెలూ వస్తాయి. వేయిస్తంభాల గుడి శాసనం నాటి శకవర్షం 1084ను ఇదే పద్ధతిలో ‘వేద గజ గగన చంద్ర’ అనవచ్చు.

పద్యం సరిగ్గా గుర్తుందో లేదో లెక్కే చెబుతుంది. అంకెలన్నీ కూడితే 87. అంటే సంఖ్య 3తో నిశ్శేషంగా పోతుంది, 9తో పోదు. మొదటి రెండు మాటలు, శర, శశి, తారుమారైతే కూడిక మారదు కానీ చివర 1 పడుతుంది. అప్పుడు 5తో పోదు, దొంగ దొరికిపోతాడు! ఇంకా లోపలికి వెళితే 3, 5, 17, 257, 641, 65537, 6700417 ఈ ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధమే ఇది. అందులో 641ని పట్టుకోవడానికి గణితవేత్త ఆయిలర్ అంతటివాడు కావలసి వచ్చింది.

ఇక చదవడం. దీన్ని ‘పద్దెనిమిది క్వింటిలియన్లు’ అని చదివేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. కోటి మన నోట్లో ఉండగా ఆ అరువెందుకు? అర్బుదం, ఖర్వం, పద్మం అనే పేర్లున్నాయి గానీ వాటి విలువలు పట్టికకో తీరుగా ఉన్నాయి, అందుకని బడిలో వాడమని చెప్పను. 1,84,467 కోటికోట్ల 44,07,370 కోట్ల 95,51,615 అంటే పిల్లలకు అర్థమవుతుంది. ఇంతకంటే మంచి పద్ధతి ఎవరైనా చూపితే నాకు అభ్యంతరం లేదు, మిలియన్ల జోలికి పోనంతవరకు.