పదకొండు మంది కాదు, పన్నెండు

ప్రశ్న: మా 1989 పదో తరగతి బ్యాచి పదకొండు మందిమి సంక్రాంతికి ఊళ్ళో కలుస్తున్నాం. చిన్నప్పటి నుంచీ మా అందరికీ జుట్టు కత్తిరించిన పాత సెలూను రోడ్డు వెడల్పులో పోతోంది. మేం బాబాయి అని పిలిచే ఆయన ఇప్పుడు దాన్ని నడుపుతున్నారు, పెట్టింది వాళ్ళ నాన్నగారు. అందులో గ్రూప్ ఫొటో దిగాలని మా కోరిక. వెడల్పు 10 అడుగులు, లోతు 14. రెండు పక్క గోడలకీ అద్దాలే. వీధి తూర్పు వైపు. ఎలా తీయాలి?
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ముందుగా ఆ పదకొండుని కొట్టేసి పన్నెండు అని రాసుకోండి. బాబాయిని కలపకుండా ఆ కొట్లో ఫొటో లేదు.

ఇరవై ఆరేళ్ళప్పుడు మా ఊరి సెలూన్లో ఇలాంటి ఫొటోనే తీశాను. చోటు చాలక బాగా వైడ్ లెన్సు వేశాను. కుర్రాళ్ళందరూ కుర్చీల చుట్టూ మూగారు. కొట్టాయన తువ్వాలు భుజాన వేసుకుని ఓ చివర నిలబడ్డారు. వైడ్ లెన్సు అంచున ఉన్నవాళ్ళని పక్కకి లాగేస్తుంది. ప్రింటులో ఆయన ముఖం సాగిపోయి గుర్తుపట్టలేకుండా ఉంది. చూసి ‘బాగుంది బాబూ’ అన్నారు. పటిక ముక్క, దువ్వెనలు ఉండే సొరుగులో పెట్టి మూసేశారు. గోడకి తగిలించలేదు. ఆయన పోయాక వాళ్ళబ్బాయి ఫొటో కోసం నా దగ్గరికే వచ్చాడు. నా దగ్గరున్నది అదొక్కటే. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను, ఆయన మధ్యలో ఉండాలి.

కెమెరా లోపల పెట్టకండి. కొట్టు షట్టరు పూర్తిగా ఎత్తించి, గుమ్మానికి నాలుగైదు అడుగుల బయట, సరిగ్గా మధ్యలో స్టాండు వేయండి. ఇందులో ఇంకో లాభం ఉంది. కెమెరా గుమ్మం బయట ఉన్నంతసేపూ పక్క గోడల అద్దాల్లో దాని ప్రతిబింబం పడదు. ఎదురెదురు అద్దాల్లో మీ వాళ్ళ తలలు మాత్రం వరసకట్టి లోపలికి పోతూ కనిపిస్తాయి. ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మంత సెన్సారున్న) కెమెరాకి 35 మి.మీ. లెన్సు సరిపోతుంది. పది అడుగుల దూరంలో అది దాదాపు పది అడుగుల వెడల్పు చూస్తుంది, అంటే మీ కొట్టంత. లెన్సు అపర్చరు (వెలుగొచ్చే రంధ్రం) ఎఫ్ 8 పెట్టి పది అడుగుల మీద ఫోకస్ చేస్తే 7 నుంచి 20 అడుగుల దాకా తేటగా వస్తుంది. ఫోనైతే 0.5 ఎక్స్ జోలికి పోకండి, అదీ బాగా వైడ్ లెన్సే.

ఫ్లాష్ వద్దు, అద్దాలున్నచోట ఎటు తిరిగి వస్తుందో చెప్పలేం. తూర్పు వాకిలి కాబట్టి పొద్దుటి ఎండ నేరుగా కళ్ళలో కొడుతుంది. మధ్యాహ్నం మూడు తర్వాతయితే వీధికి అవతలి గోడ మీద పడ్డ వెలుగు మెత్తగా లోపలికొస్తుంది. ట్యూబులైటు వెలగనివ్వండి, ఆ కొట్టు అందులోనే బతికింది. మన కరెంటుకి పాత ట్యూబులైటు సెకనుకి వందసార్లు మిణుకుతుంది. కెమెరా షట్టరు సెకనులో 1/50 వంతు పెడితే ఫొటోలో చారలు పడవు. అంతసేపు అందరూ కదలకుండా ఉండాలి.

మంగళవారం సెలవు కదా, ఆ రోజు పెట్టుకుందాం అనుకుంటారేమో. వద్దు. పని జరిగే రోజే వెళ్ళండి, భోగి ముందు రద్దీ తగ్గాక. ఆయన పూట సంపాదన ముందే చేతిలో పెట్టండి. ఒకరు నిజంగా క్రాఫు చేయించుకుంటూ కూర్చోండి. కత్తెర పట్టుకున్న మనిషి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడడు.

కొట్టు సర్దకండి. అద్దం మూలన వెండిపూత ఊడి నల్లబడ్డ మచ్చలు, కత్తి నూరే తోలుపట్టా, నీళ్ళ సీసా అన్నీ ఉన్నచోటే ఉండాలి. పసిపిల్లల్ని కూర్చోబెట్టడానికి కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసే చెక్క ఉంటుంది చూశారా, అది ఎక్కడున్నా వెతికి ముందుకు తెచ్చి పెట్టండి. మీ పదకొండు మందీ మొదట కూర్చున్నది దాని మీదే.

ప్రింట్లు పన్నెండు వేయించి మొదటిది ఆయనకివ్వండి. ఇంకో పని. అందరూ బయటికొచ్చాక ఆయన ఒక్కరినీ ఆ కుర్చీలో కూర్చోబెట్టి ఒకటి తీయండి. అది వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీ, నేనెందుకు అంటారు. ఇంకోసారి అడగండి.