నీ చేతికి నప్పే ట్యూబ్ యాంప్‌ను వెతుక్కొనే పద్ధతి

చిరంజీవి మేనల్లుడికి అనంతపురం నుంచి మామ ఆశీర్వదించి రాస్తున్నది.

కడప నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఉద్యోగంలో కుదురుకొని దాచిన డబ్బుతో నీ గిటారుకు మంచి ట్యూబ్ యాంప్లిఫైయర్ (ట్యూబ్ అన్నా వాల్వు అన్నా ఒకటే) ఒకటి, అదీ చిన్న తయారీదారు చేతితో కట్టినది, ఏళ్ల తరబడి ఉంచుకోదగినది కొనాలనుకుంటున్నావనీ, పేర్లన్నీ చూస్తుంటే ఏదీ తేలడం లేదనీ రాశావు. వాల్వు రేడియోల కాలం నుంచి ఈ పనిలో ఉన్నవాణ్ణి కనుక నాకు తెలిసింది చెబుతాను. పేర్లను కొన్నాళ్లు పక్కన పెట్టు. నువ్వు ఎక్కడ, ఎంత శబ్దంతో వాయిస్తావో ముందు తేల్చుకో. ప్రతి ట్యూబ్ యాంప్‌కూ దాని స్వరం పూర్తిగా విచ్చుకొనే స్థాయి ఒకటి ఉంటుంది. ఆ స్థాయి నీ గదికీ నీ ఇరుగుపొరుగుకూ ఓర్చుకోదగిన శబ్దం దగ్గర వస్తే నువ్వు దాన్ని రోజూ ముట్టుకుంటావు. రాకపోతే అది ఎంత గొప్ప పేరున్నదైనా దుమ్ముపట్టి మూలన పడి ఉంటుంది.

వాట్ల లెక్క చాలామందిని తికమక పెడుతుంది. 15 వాట్ల యాంప్ కన్నా 30 వాట్లది రెట్టింపు బిగ్గరగా మోగదు. రెండింటికీ తేడా 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్ల శక్తి కావాలి. స్పీకర్ మార్చినా పెద్ద తేడా వస్తుంది: 97 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒకే శక్తికి ఎంత బిగ్గరగా మోగుతుందనే కొలత) ఉన్న స్పీకర్ తీసి 100 ఉన్నది బిగిస్తే, యాంప్ శక్తిని రెట్టింపు చేసినంత ఫలితం కనిపిస్తుంది. ఒకే ఒక్క 6వి6 వాల్వుతో సుమారు 5 వాట్లు ఇచ్చే, అమెరికా ఫెండర్ సంస్థ వారి చాంప్ తరహా చిన్న యాంప్ కూడా పూర్తిగా తిప్పితే పక్కింటికి వినిపిస్తుంది. పైగా మీ ఇంట్లో నేలంతా కడప బండలే, గోడలకు సిమెంటు పూతే. అవి శబ్దాన్ని పీల్చుకోకుండా తిప్పికొడతాయి కాబట్టి ఏ యాంప్ అయినా ఉన్నదానికన్నా కరకుగా వినిపిస్తుంది. మందపాటి జంపఖానా పరిచి, యాంప్‌ను గది మూలకు దూరంగా, కొంచెం వెనక్కి వంచి పెట్టి విన్న తర్వాతే దాని మంచిచెడ్డలు నిర్ణయించు. ఇంటికి మాత్రమే అయితే 5 వాట్లు చాలు. ఆదివారం ఆరాధనలోనూ వాయిస్తున్నావు కనుక 12 నుంచి 20 వాట్ల లోపు చూడు. మందిరంలో స్పీకర్ ముందు మైకు పెట్టుకుంటే అంతకు మించి అవసరం రాదు.

ఇక వంశాల సంగతి. ఇప్పుడు చేతితో కడుతున్న యాంప్‌లలో ఎక్కువ భాగం నాలుగైదు పాత సర్క్యూట్ల సంతానమే. 1950ల నాటి ఫెండర్ ట్వీడ్ డీలక్స్‌లో రెండు 6వి6 వాల్వులు, సుమారు 12 నుంచి 15 వాట్లు ఉంటాయి. దానిలో నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (బయటికి వచ్చే సంకేతంలో కొంత వెనక్కి పంపి గరుకుదనాన్ని అణిచే ఏర్పాటు) లేకపోవడం వల్ల వాల్యూమ్ సగానికి చేరేసరికే స్వరంలో గరుకుదనం మొదలవుతుంది. గిటార్ మీది వాల్యూమ్ తగ్గించగానే అది మళ్లీ తేటపడుతుంది. ఏసీ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫైయర్ కూడా వాల్వే కనుక, గట్టిగా మీటినప్పుడు లోపలి వోల్టేజీ క్షణకాలం కుంగి, స్వరం ముందు నొక్కుకొని ఆ తర్వాత నిండుగా పైకి వస్తుంది. నాకు అన్నింటికన్నా ఇష్టమైనది ఈ గుణమే. 1963లో వచ్చిన డీలక్స్ రివర్బ్ కూడా రెండు 6వి6లదే, 22 వాట్లది. అయితే మధ్యస్థాయి తగ్గి, తేటగా, రివర్బ్‌తో (పెద్ద హాలులో వాయించినట్టు స్వరం మారుమోగేలా చేసే ఏర్పాటు) విశాలంగా పలుకుతుంది. ఇంగ్లండు వారి వోక్స్ ఏసీ30లో నాలుగు ఈఎల్84 వాల్వులు ఉంటాయి. తీగలన్నీ ఒకేసారి మీటినా ఏ తీగకు ఆ తీగ వినిపించే మెరుపు దానిది. 1962లో లండన్‌లోని జిమ్ మార్షల్ దుకాణంలో పుట్టిన జేటీఎం45 నిజానికి ఫెండర్ వారి బాస్‌మ్యాన్ అనే యాంప్ సర్క్యూట్‌ను దాదాపు అలాగే అనుసరించింది. వాల్వులు, స్పీకర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు మారేసరికి అది వేరే గొంతు అయిపోయింది.

1989లో మొదలైన మ్యాచ్‌లెస్ సంస్థ డీసీ30లో వోక్స్ బాట పట్టింది. విక్టోరియా అనే సంస్థ ట్వీడ్ ఫెండర్ల బాటలో నడిచింది. కెన్ ఫిషర్ ట్రెయిన్‌రెక్ పేరుతోనూ, అలెగ్జాండర్ డంబుల్ తన పేరుతోనూ అతి తక్కువ సంఖ్యలో యాంప్‌లు కట్టారు. ఫిషర్ 2006లో, డంబుల్ 2022లో కన్నుమూశారు. డంబుల్ యాంప్‌లు ఇప్పుడు లక్ష డాలర్లు దాటి అమ్ముడవుతున్నాయి. వాటి వెంట పడమని నేను చెప్పను. కానీ ఆ ఇద్దరినీ సంగీతకారులు ఎందుకు నెత్తిన పెట్టుకున్నారో గ్రహించు: వేలి ఒత్తిడి కొంచెం మారినా యాంప్ దానికి వెంటనే బదులివ్వడమే కారణం. నువ్వు వెతకవలసిన గుణం కూడా అదే, అది సామాన్య ధరలో దొరికే యాంప్‌లలోనూ ఉంటుంది. నీ చెయ్యి ఏ వంశానికి లొంగుతుందో తెలిసిన తర్వాత తయారీదారును ఎంచుకోవడం సులభం.

అది తెలియడానికి బెంగళూరుకో, చెన్నైకో, హైదరాబాదుకో వెళ్లక తప్పదు. నీ గిటారు, నీ కేబులు వెంట తీసుకెళ్లు; దుకాణంలోని ఖరీదైన గిటారుతో విన్నది నీకు పనికిరాదు. మొదట పెడల్స్ (కాలితో నొక్కి స్వరాన్ని మార్చే పెట్టెలు) ఏవీ కలపవద్దు. నువ్వు ఆరాధనలో వాయించే పాటలనే, అవే కార్డ్‌లతో (కలిపి మీటే స్వరాల గుంపులతో) వాయించు. గిటార్ వాల్యూమ్‌ను ఒకసారి మూడు మీద, ఒకసారి ఏడు మీద, ఒకసారి పూర్తిగా ఉంచి, ప్రతిసారీ స్వరంలో ప్రాణం నిలుస్తున్నదా అని విను. రెండు యాంప్‌లను పోల్చేటప్పుడు రెండింటి శబ్దమూ సమానంగా ఉండేట్టు చూసుకో, ఎందుకంటే కాస్త బిగ్గరగా మోగేదే ఎప్పుడూ మేలైనదిగా తోస్తుంది. చివరగా దుకాణదారు ఏమనుకున్నా సరే, ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి నువ్వు ఉంచుకోగల శబ్దానికి తగ్గించి కనీసం అరగంట వాయించు. చాలా యాంప్‌లు ఇక్కడే చప్పబడిపోతాయి. యాంప్ మొత్తం శబ్దాన్ని తగ్గించే మాస్టర్ వాల్యూమ్ గానీ, యాంప్‌కూ స్పీకర్‌కూ మధ్య పెట్టి శక్తిని తగ్గించే అటెన్యుయేటర్ గానీ కొంతవరకు ఆదుకుంటాయి. మరీ తగ్గిస్తే మాత్రం వాటితోనూ స్వరం పలచబడుతుంది.

అందరూ తేలిగ్గా తీసుకొనేదీ, నేను గట్టిగా చెప్పదలచినదీ కరెంటు సంగతి. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనకు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. కేవలం 60 హెర్ట్జ్‌కు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కుతుంది, మన ఎండాకాలం 42, 43 డిగ్రీల్లో ఆ వేడి వెళ్లిపోయే దారి ఉండదు. అందువల్ల 50 హెర్ట్జ్‌కు తగిన, 230 లేదా 240 వోల్టుల ట్యాప్ (కరెంటు కలిపే కొస) ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌తోనే యాంప్ కట్టించి ఇమ్మని తయారీదారును అడుగు. ట్యాప్ 220ది అయి, మీ ఇంట్లో కరెంటు 240 వస్తే లోపలి ప్రతి వోల్టేజీ తొమ్మిది శాతం పెరుగుతుంది. వాల్వులు త్వరగా అరిగిపోతాయి. మన 230 వోల్టులను 120కి దించే స్టెప్‌డౌన్ పెట్టె వాడక తప్పకపోతే, నువ్వు కొనే స్థాయి యాంప్‌కు 300 వీఏ (వోల్ట్-యాంపియర్లు, అది మోయగల భారం) కి తగ్గనిది తీసుకో. మార్కెట్లో దొరికే చాలా పెట్టెలకు బయటి సాకెట్ రెండు పిన్నులదే ఉంటుంది. అంటే ఎర్త్ అక్కడే తెగిపోతుంది. యాంప్‌ది ఇనుప చాసిస్ (చట్రం), లోపల 350 నుంచి 450 వోల్టులు, నీ చేతిలో లోహపు తీగలు, నోటి ముందు మైకు ఉన్నప్పుడు ఎర్త్ లేకపోవడం ప్రాణాపాయం. ఇంట్లోనూ మందిరంలోనూ సాకెట్‌కు ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించు. ప్లగ్ తీసేసిన తర్వాత కూడా కండెన్సర్లలో చార్జి నిలిచి ఉంటుంది, కనుక కుతూహలం కొద్దీ మూత విప్పవద్దు. స్పీకర్ కలపకుండా యాంప్‌ను ఎన్నడూ వేయవద్దు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే దాని జోడు దొరకడం కష్టం.

వాల్వుల విషయంలో మామూలు రకాలకే పరిమితమవు: 12ఏఎక్స్7, ఈఎల్84, 6వి6, 6ఎల్6, ఈఎల్34. ఇవి స్లొవేకియా, రష్యా, చైనాల నుంచి వస్తున్నాయి. ఈఎఫ్86 వాల్వు స్వరం గొప్పదే గానీ, స్పీకర్, యాంప్ ఒకే పెట్టెలో ఉన్నప్పుడు ఆ కంపనానికి అదే మోగడం మొదలుపెడుతుంది. ఒకప్పుడు బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారు చేసిన వాల్వులు పాత రేడియో మెకానిక్కుల అరల్లో ఇంకా కనిపిస్తాయి. దొరికితే నా దగ్గరికి పంపు, పరీక్షించి ఇస్తాను.

చేతి వైరింగు గురించి ఎవరు ఏ మహిమలు చెప్పినా, దాని అసలు విలువ మరమ్మతు సులభం కావడంలో ఉంది. వైర్లు విశాలంగా, సక్రమంగా ఉంటే ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఏ మంచి మెకానిక్ అయినా దాన్ని చూసి అర్థం చేసుకోగలడు. సర్క్యూట్ పటం ఇవ్వడానికి నిరాకరించే తయారీదారు దగ్గర, ఎంత మంచి స్వరమైనా, నువ్వు కొనడం నాకు ఇష్టం లేదు.

ఒక వారం పాటు మీ ఇంట్లో ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వోల్టేజీ కొలిచి రాసిపెట్టు. నచ్చిన యాంప్ దొరికినప్పుడు వెనక రేకు మీది వివరాలనూ, సర్క్యూట్ పటాన్నీ ఆ లెక్కతో కలిపి నాకు పంపు. అవి చూసి నేను జవాబు రాసేదాకా డబ్బు కట్టవద్దు.

ఇట్లు,
నీ మామ