కిట్టూకి, అమ్మానాన్నల్ని బెల్ట్ సుషీకి తీసుకెళ్ళే ముందు

ఒరేయ్ కిట్టూ,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, వచ్చే నెల ఇద్దరూ ఒసాకా వస్తున్నారంట కదా, నువ్వేమో వాళ్ళని బెల్ట్ సుషీకి, అదే అన్నం మీద చేప ముక్క పెట్టిన సుషీ ప్లేట్లు టేబుళ్ళ పక్కనుంచి బెల్టు మీద తిరిగే హోటల్‌కి, తీసుకెళ్తానన్నావంట, అది విన్నప్పట్నుంచి దానికి ఒకటే టెన్షన్, శాకాహారిని, అక్కడ నేనేం తింటానక్కా అని. మంచి ఆలోచనే చేశావ్ రా. మనవాళ్ళు చాలామంది అమ్మానాన్నల్ని ఇంత దూరం రప్పించి రోజూ ఇండియన్ రెస్టారెంట్లో నాన్, పనీర్ తినిపించి పంపించేస్తారు, ఇక్కడ టోక్యోలో మా నిషికసాయ్‌లో నేను చూస్తూనే ఉంటా. నువ్వు ఆ పని చెయ్యకు. కానీ ముందు కొన్ని విషయాలు తెలుసుకుని వెళ్ళు, లేకపోతే మీ అమ్మ ఫ్రెంచ్ ఫ్రైస్ తిని లేచొచ్చేస్తుంది, మీ నాన్న మొదటి ముద్దకే మొహం తిప్పేసుకుంటాడు.

ముందు ఒక మాట. అక్కడికి వెళ్ళడానికి మొహమాటపడాల్సిన పనే లేదు, అది గొప్పోళ్ళ హోటల్ కాదు. సుషీ ఖరీదైన తిండిగా ఉన్న రోజుల్లో చిన్న ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకి కూడా అందాలని షిరాయిషి యోషియాకి అనే ఆయన అసాహి బీర్ ఫ్యాక్టరీలో బెల్టు మీద సీసాలు వెళ్ళడం చూసి ఈ ఐడియా పట్టుకున్నాడు, 1958లో నీకు దగ్గర్లోనే, హిగాషి ఒసాకాలో ఫుసే దగ్గర మొదటి షాపు పెట్టాడు. గెన్రోకు అని ఆ పేరుతో షాపులు ఇప్పటికీ ఉన్నాయి, దోతోన్‌బోరిలో కూడా ఒకటుంది. 1970 ఒసాకా ఎక్స్‌పో తర్వాత దేశమంతా పాకింది. బెల్ట్ స్పీడు సెకనుకి 8 సెంటీమీటర్లు, అటూ ఇటూగా చాలా చోట్ల అంతే, ముసలివాళ్ళు కూడా కంగారు లేకుండా ప్లేటు అందుకోవచ్చు, అలాగని ఎదురుచూసి విసుగూ రాదు. మీ అమ్మకి ఈ సంగతి చెప్పు, భయం సగం పోతుంది.

ఇప్పుడు టైమింగ్. శని ఆదివారాలు సాయంత్రం 6 నుంచి 8 మధ్య అస్సలు వెళ్ళకు, చంటిపిల్లలతో ఫ్యామిలీలన్నీ అప్పుడే వస్తాయి, గంట కూర్చోబెట్టినా ఆశ్చర్యం లేదు. వీక్‌డే అయితే మధ్యాహ్నం రెండున్నర నుంచి ఐదు లోపు ఖాళీగా ఉంటుంది. వీకెండే కుదిరితే పొద్దున్న షాపు తెరిచే టైముకి వెళ్ళు. సుషిరో, కురా, హామా లాంటి పెద్ద చైన్లకి యాప్‌లో ముందే టైమ్ పెట్టుకోవచ్చు, ముగ్గురున్నప్పుడు అది తప్పకుండా చెయ్యి. గుమ్మంలో మెషీన్ ఉంటుంది, ఎంతమంది, టేబులా కౌంటరా అని అడుగుతుంది, టేబులే నొక్కు, కౌంటర్లో వరసగా కూర్చుంటే మీ అమ్మకి ఏది ఏంటో నువ్వు చెప్పలేవు. చీటీ వస్తుంది, నంబర్ జపనీస్‌లో పిలుస్తారు కానీ స్క్రీన్ మీద కూడా పడుతుంది, దాని మీద కన్నేసి ఉంచు.

కూర్చునేటప్పుడు నువ్వూ మీ నాన్నా బెల్టు పక్కకి జరిగి ఎదురెదురుగా కూర్చోండి, అమ్మని నడవ వైపు కూర్చోబెట్టు. దానికి పచ్చి చేప మొహం మీద నుంచి వెళ్తుంటే అన్నం సహించదు, నాకు తెలుసు కదా చిన్నప్పట్నుంచి. వాసన మాత్రం నువ్వనుకున్నంత ఉండదు, ఫ్రెష్ చేప వాసన రాదు.

టేబుల్ దగ్గర నల్లటి బటన్‌తో చిన్న కొళాయి కనిపిస్తుంది చూడు, ఇది బాగా గుర్తుపెట్టుకో, అది చేతులు కడుక్కునేది కాదు, టీకి వేడినీళ్ళు, సలసలా మరిగినట్టు వస్తాయి. మనవాళ్ళు కూర్చోగానే చెయ్యి కడుక్కుందామని కొళాయి కింద పెట్టేస్తారు. కూర్చోకముందే మీ నాన్నకి చెప్పేయ్, కూర్చున్నాక చెప్తే లేటయిపోతుంది. గ్రీన్ టీ పొడి డబ్బాలో ఉంటుంది, కప్పులో చిన్న చెంచా వేసి కప్పుతోనే ఆ బటన్ వెనక్కి నొక్కితే నీళ్ళు పడతాయి. టీ ఫ్రీ, ఎన్నిసార్లయినా తాగొచ్చు. చేతులు తుడుచుకోడానికి తడి టిష్యూ ఉంటుంది, సరిగ్గా కడుక్కోవాలంటే వాష్‌రూమ్‌కి వెళ్ళి రమ్మను.

ఇక తిండి. మీ నాన్న కాకినాడ మనిషి, చేప అంటే ప్రాణం, కానీ ఆయనకి చేప అంటే పులుసు, వేపుడు, అంతే. అలాంటి మనిషికి మొదటి ప్లేటే ఎర్రటి ట్యూనా పెడితే అయిపోయింది. మొదట ఉడికించినవి పెట్టు. ఎబి అని రొయ్య, ఉడకబెట్టి అన్నం మీద పరిచి ఇస్తారు, ఆయన కళ్ళు మూసుకుని తినేస్తాడు. తర్వాత అనాగో, అది ఉడికించిన సముద్రపు పాము చేప, మీద తియ్యటి సాసు రాస్తారు, మెత్తగా విడిపోతుంది. ఆ తర్వాత సాల్మన్‌ని మంటతో పైన కాల్చింది ఉంటుంది, అబురి అంటారు, పైన కాలి లోపల పచ్చిగా ఉంటుంది, పచ్చి చేపకి నాలుక అలవాటు పడేది అక్కడే. అది నచ్చితే మామూలు సాల్మన్. నచ్చకపోతే అక్కడితో ఆపేయ్, బలవంతం పెట్టకు, పిండిలో ముంచి వేయించిన రొయ్యల టెంపురా, చికెన్ వేపుడు లాంటి కరాగే కూడా దొరుకుతాయి, వాటితోనే కడుపు నింపుకోనీ. సాల్మన్ దాకా వచ్చాడంటే మాత్రం అప్పుడు ట్యూనా, హామాచి అనే చేప, హొతాతే అనే ఆల్చిప్ప మాంసం, ఈ వరసలో వెళ్ళు. హొతాతే కొంచెం తియ్యగా ఉంటుంది, మనవాళ్ళకి చాలామందికి నచ్చుతుంది. ఇకా అంటే స్క్విడ్, అది సాగుతుంది, నమలలేక అవస్థ పడతాడు. ఊని అని సీ అర్చిన్ లోపలి మెత్తటి గుజ్జు, వెనిగర్‌లో ఊరేసిన సబా అనే చేప, ఇవి మొదటి రోజు వద్దే వద్దు.

వసాబి విషయం. ఇప్పుడు పెద్ద చైన్లలో సుషీ లోపల వసాబి పెట్టట్లేదు, విడిగా చిన్న ప్యాకెట్లు ఇస్తారు. ఆకుపచ్చగా ఉంది కదా అని గోంగూర పచ్చడి వేసుకున్నట్టు వేసుకోకూడదు, ఆవగింజంత చాలు. మన కారం నాలుక మీద నిలబడుతుంది, ఇది నేరుగా ముక్కులోకి ఎక్కి కాసేపటికి దిగిపోతుంది, ఆ కాసేపు కంగారుపడి నీళ్ళు తాగొద్దను, ఊపిరి వదలమను. గారి అని పల్చటి అల్లం ముక్కలు డబ్బాలో ఉంటాయి, ఒక రకం చేపకీ ఇంకో రకానికీ మధ్య ఒకటి నోట్లో వేసుకుంటే ముందు రుచి పోతుంది. సోయా సాసు అన్నానికి అంటకూడదు, చేప వైపు కొంచెం తగిలించాలి, అన్నం ముంచితే విడిపోయి గిన్నెలో పడిపోతుంది. చాప్‌స్టిక్స్ రాకపోతే చేత్తో తినొచ్చు, ఇక్కడివాళ్ళు కూడా తింటారు, అందులో తప్పేం లేదు. కానీ చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చి వదలకూడదు, నువ్వు చాప్‌స్టిక్స్‌తో పట్టుకున్న ముక్కని ఇంకొకరి చాప్‌స్టిక్స్‌కి అందించకూడదు, రెండూ ఇక్కడ చావుతో ముడిపడ్డవి. మన ఇళ్ళల్లో కూడా ఇలాంటి పట్టింపులు ఎన్ని ఉన్నాయో మీ అమ్మకి తెలుసు కాబట్టి వెంటనే అర్థం చేసుకుంటుంది.

ఇప్పుడు మీ అమ్మ సంగతి, ఇది అసలు కష్టం, శ్రద్ధగా చదువు. దానికి కప్పామాకి చెప్పు, కీరదోస ముక్క పెట్టి చుట్టింది, చాలా బాగుంటుంది. ఎదమామె అని ఉడికించిన పచ్చి సోయా కాయలు, ఫ్రైస్ ఉంటాయి. నట్టో అని పులియబెట్టిన సోయా గింజల రోల్ వాసన పడదేమో, జిగురుగా తీగలు సాగుతుంది, పెట్టకు. కార్న్ మయో అని మొక్కజొన్నది ఉంటుంది, మయోనైజ్‌లో గుడ్డు ఉంటుంది కాబట్టి దాని ఇష్టం కనుక్కో. మోసపోయేది ఎక్కడంటే, చూడ్డానికి వెజిటేరియన్‌లా కనిపించేవాటి దగ్గర. ఇనారి అని వేయించిన టోఫు సంచిలో అన్నం పెట్టి ఇస్తారు, ఆ టోఫుని సాధారణంగా చేప స్టాకులో ఉడికిస్తారు. తమాగో అనే గుడ్డు అట్టులోనూ అదే, మిసో సూప్, ఉడోన్ అనే లావు నూడుల్స్, చవాన్‌ముషి అని ఆవిరి మీద ఉడికించే గుడ్డు, అన్నీ ఆ స్టాకే. ఎండబెట్టిన బోనిటో చేపతో చేసే దషి అది. కొన్ని చోట్ల టేబుల్ మీద పెట్టే సోయా సాసులో కూడా దషి కలుస్తుంది, సీసా మీద రాసుంటుంది, ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ పెట్టి చూడు. టేబుల్ దగ్గర ఆర్డర్ చేసే టచ్ స్క్రీన్ ప్యానెల్లో ఎలర్జీ చార్ట్ ఉంటుంది కదా, అందులో చేప లేదు కాబట్టి వెజ్ అనుకుంటే పప్పులో కాలేసినట్టే, సాల్మన్, సబా లాంటివి ఆ చార్టులో వస్తాయి కానీ బోనిటో ఆ లిస్టులోనే లేదు. అందుకని స్టాఫ్‌ని అడుగు, "సకానా నో దషి, హైత్తె ఇమాస్ కా" అను, అంటే చేప దషి కలిసిందా అని, మర్యాదగా లోపలికెళ్ళి కనుక్కుని వచ్చి చెప్తారు. దానికి ఎలాగూ పొట్ట నిండదు, ముందు ఇంట్లో కొంచెం పెరుగన్నం పెట్టి తీసుకెళ్ళు, అక్కడ కూర్చుని నాలుగు కప్పామాకిలు తిని టీ తాగితే హాయిగా ఉంటుంది. ఇంటి నుంచి ఆవకాయ సీసా మాత్రం పట్టుకెళ్ళనివ్వకు, బయటి తిండి ఒప్పుకోరు. ఇంకోటి, బెల్టు మీద చేపతో పాటు మాంసంవి కూడా వస్తాయి, గ్యూ అంటే బీఫ్, బుతా అంటే పోర్క్, ఇంట్లో తినం కాబట్టి ఫోటో చూసి చేయి పెట్టకండి, ప్యానెల్లో పేరు చూడండి.

ప్యానెల్ ముందు ఇంగ్లీషులోకి మార్చుకో, బటన్ పైనే ఉంటుంది. ఒక్కసారి కొన్ని ప్లేట్లే ఆర్డర్ చెయ్యనిస్తుంది, ఒక్కొక్కరికి ఒక్కటి చొప్పున పెట్టు, రుచి చూశాక ఇంకోటి పెట్టుకోవచ్చు, ప్లేటుకి మామూలుగా రెండు ముక్కలు ఉంటాయి.

అన్నింటికంటే నేను గట్టిగా చెప్పేది ఇదే నాన్నా, బెల్టు అందరిదీ. బెల్టు మీద నుంచి తీసిన ప్లేటు మళ్ళీ పెట్టకూడదు, తాకి చూసి వదిలెయ్యకూడదు, అంటే ముందు చూసుకుని నిర్ణయించుకుని అప్పుడే చెయ్యి చాపాలి. వేరేవాళ్ళు ఆర్డర్ చేసిన ప్లేటు రంగు గిన్నె మీదో స్టాండు మీదో పెట్టి వస్తుంది, అది ముట్టుకోకూడదు. ఖాళీ ప్లేటు బెల్టు మీద పెట్టకూడదు. కురాలో ప్లేటు మీద ప్లాస్టిక్ మూత ఉంటుంది, మూతని పట్టుకోవద్దు, ప్లేటు అంచు పట్టి పైకి లాగితే మూత అదే తెరుచుకుంటుంది. 2023 జనవరిలో గిఫులో ఒక కుర్రాడు టేబుల్ మీద సోయా సాసు సీసా నాకి, తడి వేలు తిరుగుతున్న సుషీకి రాసి వీడియో పెట్టాడు, ఆ ఒక్క పనికి దేశమంతా అట్టుడికింది, చాలా చైన్లు బెల్టు మీద ప్లేట్లు తిప్పడమే ఆపేసి ఆర్డర్ చేసినవే నేరుగా సీటుకి పంపించడం మొదలుపెట్టాయి, కురా కెమెరాలు పెట్టింది. ముక్కూమొహం తెలియని వంద మంది ఒకరి ముందు నుంచి ఒకరికి వెళ్ళే తిండి తినగలిగేది నమ్మకం మీదే కదా, అది చెడగొట్టారని నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. మన ఊళ్ళో బంతిలో కూర్చున్నప్పుడు పక్కవాళ్ళ విస్తరిలో చెయ్యి పెట్టం చూడు, అలాగే అనుకోమని మీ నాన్నకి చెప్పు. ఆయనకి చెప్పాలా అనుకోకు, కొత్త చోట పెద్దవాళ్ళకీ చెప్పాలి. అందుకే ఇప్పుడు నువ్వెళ్ళే బ్రాంచిలో ప్లేట్లు తిరుగుతూ ఉంటాయో లేదో ముందే చూసుకో, మీ అమ్మకి ఆ తిరగడమే చూపించాలి, తిరగని చోటికి తీసుకెళ్తే దానికి ఏం సరదా. కురా బాగుంటుంది, 5 ఖాళీ ప్లేట్లు టేబుల్ పక్కన సందులో వేస్తే ఒక చిన్న గేమ్ ఆడుతుంది, గెలిస్తే బొమ్మ వస్తుంది, పిల్లలైనా పెద్దలైనా అక్కడ నవ్వుతారు.

ఇంకో మాట ఆరోగ్యం గురించి. షాపులో పచ్చి చేప తిన్నాం కదా అని ఇంటికొచ్చాక కాకినాడ రేవులో కొన్న చేప పచ్చిగా కోసి తినొద్దు, ముఖ్యంగా గోదావరి చేప పచ్చిగా ఎప్పుడూ ముట్టుకోకూడదు. సముద్రపు చేపలో అనిసాకిస్ అనే పురుగు ఉండొచ్చు, అది మైనస్ 20 డిగ్రీల్లో 24 గంటలు గడ్డకడితేనో, బాగా ఉడికితేనో చస్తుంది, ఈ చైన్లలో వాడే చేప చాలావరకు ఫ్రీజ్ చేసిందే, మనం మార్కెట్లో కొనేది అలా కాదు. మీ నాన్నకి షుగర్ మాత్రలు ఉన్నాయి కాబట్టి ఆ అన్నంలో పంచదార, వెనిగర్ కలుస్తాయని గుర్తుంచుకో, ప్లేట్లు లెక్కపెట్టుకుంటూ తినమను.

డబ్బు గురించి కంగారు వద్దు. సుషిరోలో 2022 అక్టోబర్ దాకా టాక్స్ కాకుండా 100 యెన్ ప్లేట్లు ఉండేవి, అప్పుడు పెంచారు, సిటీ మధ్య బ్రాంచిల్లో ఇంకొంచెం ఎక్కువ. అయినా ముగ్గురూ కడుపునిండా తిన్నా మామూలు రెస్టారెంట్ కంటే తక్కువే అవుతుంది. ప్లేటు రంగుని బట్టి ధర, రంగు చార్ట్ ప్యానెల్ మీదో గోడ మీదో ఉంటుంది, ఖరీదు ప్లేట్లు తెలియకుండా తీసెయ్యకండి. తిన్న ప్లేట్లు టేబుల్ మీదే పేర్చి ఉంచాలి, కురాలో మాత్రం సందులో వేస్తే అదే లెక్కపెట్టుకుంటుంది. అయిపోయాక ప్యానెల్లో బిల్లు నొక్కితే స్టాఫ్ వచ్చి, కొన్ని చోట్ల చేతిలో మెషీన్ ప్లేట్ల పక్కన పెట్టి ఒక్కసారిగా లెక్క తీసుకుని చీటీ ఇస్తారు, అది పట్టుకెళ్ళి గుమ్మం దగ్గర మెషీన్లో కట్టెయ్యడమే. టిప్పు ఇవ్వకూడదు, ఇస్తే వెనక్కి ఇచ్చేస్తారు.

ఒకవేళ మీ నాన్నకి బాగా నచ్చి ఇంకా మంచి చేప కావాలంటే, ఈ 100 యెన్ తరహా వేరు, కనజావా, సప్పోరో వైపు షాపులు వేరు. కనజావాలో మోరి మోరి, సప్పోరోలో తోరిటన్, నెమురో హనమారు, వీటిల్లో ప్లేటు ఖరీదెక్కువ కానీ ఆ సముద్రంలో ఆ సీజన్‌లో పడిన చేప ఎక్కువగా పెడతారు. హనమారు టోక్యో స్టేషన్ పక్కన కిట్టె బిల్డింగ్‌లో కూడా ఉంది, లైను చాలా పొడుగ్గా ఉంటుంది, వాళ్ళు టోక్యో వచ్చినప్పుడు నేను పొద్దున్నే వెళ్ళి లైన్లో నంబర్ తీసుకుంటాను. టికెట్లు కన్ఫర్మ్ అవ్వగానే ఏ తారీకు టోక్యోలో ఉంటారో వాట్సాప్‌లో పెట్టు, అమ్మకి ఆ రోజు ఏకాదశి గానీ శనివారం ఉపవాసం గానీ ఉందేమో కూడా కనుక్కుని రాయి.

పెద్దమ్మ