రెండు పేజీల ఉత్తరంలో ఆమెకు రెండు వాక్యాలు

చీమకుర్తి నుంచి నలభై నాలుగేళ్ళ గుమస్తా ఒకరు రాశారు. గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళుగా లెక్కలు చూస్తున్నారట. యజమాని పద్దులన్నీ కంప్యూటర్‌లోకి మార్చి, ఈయన పక్కన ఒక కుర్రవాడిని కూర్చోబెట్టారు. ‘ఈ వయసులో నాకు ఇవన్నీ ఎక్కవు. మానేసి ఒంగోలులో కిరాణా కొట్టు పెట్టుకోమంటారా?’ అని ప్రశ్న.

కొట్టు సంగతి నన్ను అడగకండి. దాని మీద మీకూ మనసు లేదు. ఉంటే అద్దె ఎంతో, పెట్టుబడి ఎక్కడిదో ఒక్క ముక్కైనా రాసేవారు.

నన్ను ఆపిన మాటలు వేరే ఉన్నాయి. ‘మా ఆవిడ ట్యాలీ (కంప్యూటర్‌లో పద్దులు రాసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంది, నేర్పుతానంది. నాకే పాఠాలు చెప్పేదానివయ్యావా అన్నాను, అప్పటినుంచి ఆ ఊసెత్తడం లేదు.’ రెండు పేజీల్లో ఆమెకు దక్కింది ఇంతే.

మీకు ఎక్కకపోవడం ఏమిటి? తొమ్మిదడుగుల పొడవు, ఐదున్నర వెడల్పు స్లాబులు ముప్పై ఎనిమిది లారీకెక్కితే 1881 చదరపు అడుగులని నోటితో చెప్పేవాడినని మీరే రాశారు. కాగితం మీద వేసి చూశాను, సరిపోయింది. చిన్నప్పటినుంచి ‘లెక్కల్లో వాడికి వాడే సాటి’ అనిపించుకున్నారు. చిక్కంతా అక్కడే ఉంది.

క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఐదో తరగతి పిల్లలపై చేసిన ప్రయోగాలను 1998లో ప్రచురించారు. తెలివైనవాళ్ళని మెచ్చుకున్న పిల్లలు ఆ తర్వాత పేరు పోకుండా నెగ్గుకురాగల పనులవైపు మొగ్గారు. కష్టపడ్డారని మెచ్చుకున్నవారిలో ఎక్కువమంది కొత్తగా ఏదైనా నేర్పే పనిని కోరుకున్నారు. మీరు ఆ మొదటి జట్టు పిల్లవాడు, కాకపోతే మీసాలు నెరిశాయి.

పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో తొంభైల మొదట్లో కూలికి వెళ్ళే ఆడవాళ్ళు పగలంతా పనిచేసి, రాత్రి బడిలో అక్షరాలు దిద్దారు. ఆ చదువుల దగ్గర కలిసిన ఆడవాళ్ళే 1992లో సారా మీద తిరగబడ్డారు. మరుసటి ఏడు ప్రభుత్వం సారాను నిషేధించింది. ఈ వయసులో పలకేమిటని వాళ్ళు సిగ్గుపడలేదు.

భార్య దగ్గర నేర్చుకుంటే మగవాడి మర్యాద పోతుందనే మాట వింటేనే నాకు చిరాకు. ఫ్యాక్టరీలో ఆ కుర్రవాడిని రోజుకు పదిసార్లు ‘బాబూ, ఇది కాస్త చూసిపెట్టు’ అని అడగడంలో లేని చిన్నతనం, సొంత ఇంట్లో మీ ఆవిడ పక్కన కుర్చీ వేసుకుంటే ఎక్కడినుంచి వచ్చింది?

ముందు ఆ మాట అన్నందుకు తప్పయిందని ఆమెతో చెప్పండి. కాఫీ తాగుతూ దాటవేసినట్టు కాకుండా, సూటిగా. ఆ తర్వాతే కంప్యూటర్. ట్యాలీని డబ్బు కట్టకుండా నేర్చుకునే వీలుంది. అలా ఉచితంగా వాడితే కొన్ని తేదీలకే పద్దులు పడతాయి, నేర్చుకోవడానికి మీకు అది చాలు. యజమానిని అడిగి పాత బిల్లులు పది తెచ్చుకోండి. ఆమె కొడుతుంటే మీరు చూడడం వద్దు, మీరు కొడుతుంటే ఆమె చూడాలి. చేతికి పట్టుబడ్డాక, సరుకు లారీలో పంపేటప్పుడు ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లుకు రండి. కొనేవారి జీఎస్టీ నంబరు, సరుకు విలువ, లారీ నంబరు... మీరు ఏళ్ళ తరబడి చేత్తో రాసినవే. ఎక్కడ నొక్కాలన్నది మాత్రం కొత్త.

కొట్టు గదికి అడ్వాన్సు ఇచ్చారో లేదో రాయలేదు. ఇవ్వకపోతే ఆగండి. ఇచ్చి ఉంటే, ఆ సంగతి కూడా ఆమెకు ఈ రాత్రే చెప్పండి.