కెమెరా కంటే ముందు రెండు హార్డ్ డిస్కులు

చిరంజీవి కన్నయ్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు కెమెరా కొంటున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. ఆమె గొంతులో ఫిర్యాదు ఎక్కువ, మురిపెం తక్కువ. నాకు మాత్రం పట్టరాని సంతోషం వేసింది. నా తరువాత ఈ ఇంట్లో కెమెరా పట్టేవాళ్లు లేరనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. అయినా రాత్రంతా నిద్ర లేదు. దానికి సంతోషం ఒక్కటే కారణం కాదు, సగం భయం. ఆ భయం సంగతి ముందే ఎత్తుకుంటే ముసలమ్మ చాదస్తమని ఉత్తరం పక్కన పడేస్తావు. అందుకని కెమెరాతోనే మొదలుపెడతాను.

నీ జాబితా నా దగ్గరికి వచ్చింది. ఎవరు పంపారని అడగకు, మీ అమ్మను కోప్పడకు. మొదటి వరుసలోనే 45 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ కెమెరా రాసుకున్నావు. ఎందుకురా అన్ని? 24 మెగాపిక్సెళ్ల బొమ్మ అంటే అడ్డంగా 6000 చుక్కలు, నిలువుగా 4000. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయించినా 20 అంగుళాల వెడల్పు వస్తుంది. 4కె తెర నిండా చూపించాలంటే ఎనిమిది మెగాపిక్సెళ్లకు కాస్త పైన ఉంటే సరిపోతుంది. మిగతావన్నీ నీ కంప్యూటర్‌ను నెమ్మది చేయడానికి, డిస్కు నింపడానికి. డిస్కు నిండిపోవడం ఎంత పని చేస్తుందో కింద చెబుతాను.

ఫుల్ ఫ్రేమ్ అంటే కెమెరాలో వెలుతురును పట్టే పలక, అదే సెన్సర్, 36×24 మిల్లీమీటర్లు ఉండటం. ఆ కొలతలో మహత్యం ఏమీ లేదు. సినిమాకు వాడే ఫిల్మును చిన్న కెమెరాలో అడ్డంగా నడిపించాడు ఆస్కార్ బార్నాక్. ఆయన లైకా 1925లో బయటికి వచ్చాక లోకానికి ఆ కొలత అలవాటైంది, అంతే. ఏపీఎస్-సి సెన్సర్ దానిలో సగం కంటే చిన్నది. మసక వెలుతురులో ఆ తేడా కనిపిస్తుంది, లేదని అబద్ధం చెప్పను. కానీ ఆ లోటును లెన్సుతో పూడ్చుకోవచ్చు. కెమెరాతో పాటు వచ్చే జూమ్ లెన్సు దూరపు కొసన ఎఫ్/5.6 కంటే తెరుచుకోదు (ఆ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత వెడల్పుగా తెరుచుకుంటుంది). ఎఫ్/1.8 లెన్సు దానికి పది రెట్ల దాకా వెలుతురు లోపలికి రానిస్తుంది. ఏపీఎస్-సి కెమెరాకు 35 ఎం.ఎం. ఎఫ్/1.8 ఒక్కటి పెట్టుకుని ఏడాది తిరుగు. జూమ్ చేయలేవు కనుక నీ కాళ్లు కదులుతాయి. ఎక్కడ నిలబడాలో కాళ్లు నేర్చుకుంటే సగం ఫొటోగ్రఫీ వచ్చినట్టే.

కెమెరా నాలుగేళ్లకో అయిదేళ్లకో మారుతుంది, లెన్సులు ఉండిపోతాయి. కనుక నువ్వు నిజానికి ఎంచుకునేది మౌంటు, అంటే కెమెరాకు లెన్సు బిగించే అమరిక. నికాన్ 1959లో మొదలుపెట్టిన ఎఫ్ మౌంటు మీదే దాదాపు అరవై ఏళ్లు నడిచింది. 2018లో మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని కెమెరాల కోసం జెడ్ మౌంటు తెచ్చింది, కానన్ కూడా అదే ఏడాది ఆర్ఎఫ్‌కు మారింది. జనం మారిపోతున్నారు కనుక అద్దం ఉన్న డీఎస్‌ఎల్‌ఆర్‌లు సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరుకుతాయి, బొమ్మలు ఇప్పటికీ బాగానే తీస్తాయి. ఒక్కటి గుర్తుపెట్టుకో: డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సు అడాప్టర్‌తో మిర్రర్‌లెస్ కెమెరాకు ఎక్కుతుంది, మిర్రర్‌లెస్ లెన్సు డీఎస్‌ఎల్‌ఆర్‌కు ఎక్కదు.

పాతది కొంటే లెన్సు వెనకవైపు నుంచి టార్చి వేసి చూడు. సాలెగూడు లాంటి సన్నని పోగులు కనిపిస్తే అది బూజు, ఎంత చవకైనా వెనక్కి ఇచ్చెయ్యి. ఎఫ్/16 పెట్టి తెల్ల గోడను ఫొటో తీస్తే సెన్సర్ మీది దుమ్ము నల్ల మచ్చలుగా బయటపడుతుంది. షట్టర్ ఎన్నిసార్లు పడిందో అడుగు.

బరువు చూసుకో. కెమెరాల సమీక్షల్లో దీని గురించి పెద్దగా రాయరు. నేను ఒకప్పుడు రెండు కిలోల సరంజామా కొన్నాను. మొదటి నెల భుజాన వేసుకుని గర్వంగా తిరిగాను, రెండో నెల మెడ పట్టేసింది, మూడో నెల నుంచి అది బీరువాలోనే ఉంది. దుకాణంలో కెమెరాను అయిదు నిమిషాలు ఒంటి చేత్తో పట్టుకుని నిలబడు, ఎవరేమనుకున్నా సరే.

అదనపు బ్యాటరీ, మెడకు పట్టీ, పేరున్న మెమరీ కార్డు, సిలికా జెల్ పొట్లాలు: ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

ఇక సాఫ్ట్‌వేర్. 'రా' ఫైలులోనే, అంటే సెన్సర్ చూసింది ఉన్నదున్నట్టు దాచే ఫైలులోనే తియ్యి, అందులో వాదన లేదు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లుంటాయి, 14 బిట్ల 'రా' ఫైలులో 16,384. చీకటి పడిన ముఖాన్ని తరువాత వెలుగులోకి తేవాలంటే ఆ మెట్లు కావాలి. దిద్దడానికి ఏది వాడాలన్నది నువ్వు డబ్బు సమస్యగా చూస్తున్నావు. నేను వేరేలా చూస్తాను. ఏ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లేటప్పుడైనా ముందు బయటికి దారి ఎటు ఉందో చూసుకోవాలి. లైట్‌రూమ్‌ను ఒకేసారి డబ్బు కట్టి సొంతం చేసుకునే వీలు 2015లో వచ్చిన ఆరో కూర్పుతో ఆగిపోయింది, ఇప్పుడంతా చందా. చందా ఆపితే కంప్యూటర్‌లో ఉన్న బొమ్మలు ఎక్కడికీ పోవు, కానీ వాటిని దిద్దే పరికరాలకు తాళం పడుతుంది. డార్క్‌టేబుల్, రాథెరపీ పూర్తిగా ఉచితం. నేర్చుకోవడానికి మొండితనం కావాలి, అది నీకు మీ తాతయ్య నుంచి వచ్చింది. నేనైతే మూడు నెలలు డార్క్‌టేబుల్‌తో కుస్తీ పట్టమంటాను. అప్పటికీ విసుగు తగ్గకపోతే చందా కట్టు, తప్పేమీ లేదు. ఏదైనా సరే, ఒకదానిలో చేసిన దిద్దుబాట్లు ఇంకొకదానికి సరిగ్గా అర్థం కావు. అందుకే పూర్తయిన మంచి బొమ్మను పెద్ద సైజు జేపెగ్‌గా కూడా తీసి దాచుకో. రంగుల గాఢత పెంచే మీట జోలికి మొదటి ఏడాది పోకు. నా తొలినాటి బొమ్మల్లో ఆకులన్నీ ప్లాస్టిక్ ఆకుల్లా ఉంటాయి.

ఇప్పుడు అసలు సంగతి.

2008. నీకు ఆరో నెల. మీ అమ్మమ్మకు ఒంట్లో బాగుండటం లేదు. అవే ఆఖరి రోజులని మాకెవరికీ తెలియదు. ఆ ఆదివారం ఆమె కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంది, నువ్వు ఒళ్లో ఉన్నావు. మధ్యాహ్నపు వెలుతురు పలచటి తెరలోంచి వడగట్టినట్టు పడుతోంది. ఫొటో అంటే ముఖం తిప్పుకునే మనిషి ఆ రోజు ఏమీ అనలేదు. నువ్వు ఆమె కళ్లజోడు పట్టుకుని లాగుతున్నావు, ఆమె వదలమంటూ నవ్వుతోంది. రెండు గంటల్లో నాలుగు వందల పైచిలుకు బొమ్మలు తీశాను.

వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాను. కొత్తగా కొన్న ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే వరుసలు వరుసలుగా కనిపించాయి. కార్డును ఫార్మాట్ చేసేశాను, మర్నాడు వేరే పనికి కావాలి. రెండు వారాల తరువాత డిస్కు నిండిందని కంప్యూటర్ మొరాయించింది. ఏది తీసెయ్యాలా అని వెతుకుతుంటే ఒక ఫోల్డర్‌లో అవే నాలుగు వందల బొమ్మలు కనిపించాయి. సాఫ్ట్‌వేర్‌లో ఉండనే ఉన్నాయి కదా, ఇక్కడ ఇంకోసారి ఎందుకు అనుకున్నాను. రాత్రి పదకొండు దాటింది, కళ్లు మూతలు పడుతున్నాయి. ఫోల్డర్ తీసేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి, ఎంత జాగా వచ్చిందో చూసుకుని మురిసిపోయాను.

కన్నా, ఇది నిదానంగా చదువు. ఆ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలు ఉండవు. గ్రంథాలయంలో పూర్వం కార్డుల డ్రాయర్లుండేవి చూడు, ఏ పుస్తకం ఏ అలమరలో ఉందో చెప్పేవి. ఆ సాఫ్ట్‌వేర్ పెట్టుకునే కేటలాగ్ అంటే అదే. అందులో ఫలానా బొమ్మ ఫలానా ఫోల్డర్‌లో ఉందని, దాన్ని నువ్వు ఎలా దిద్దావో రాసి ఉంటుంది, చూసుకోవడానికి ఒక చిన్న నమూనా బొమ్మ ఉంటుంది. నేను కార్డులు ఉన్నాయి కదా అని పుస్తకాలు తగలబెట్టాను.

ఘోరమేమిటంటే చాలా రోజులు ఏమీ తెలియలేదు. నమూనాలు కనిపిస్తూనే ఉన్నాయి. అమ్మ పోయిన పదో రోజున, గోడకు పెట్టుకుందాం ఒక మంచి ఫొటో తీసి ఇమ్మని మీ అమ్మ అడిగింది. తెరిచాను. బొమ్మ మూలన చిన్న ఆశ్చర్యార్థకం. అసలు ఫైలు దొరకడం లేదని ఒక వాక్యం. పక్క బొమ్మ నొక్కాను, అదే. ఆ పక్కది, అదే.

అప్పుడు కూడా చేతులు కట్టుకుని కూర్చుంటే కొంత దక్కేది. హార్డ్ డిస్కులో ఫైలు తీసేస్తే కంప్యూటర్ దాన్ని వెంటనే చెరిపెయ్యదు. ఆ జాగా ఖాళీ అని రాసుకుంటుంది, మరొకటి వచ్చి దాని మీద పడేదాకా పాతది అక్కడే ఉంటుంది. నేను కంగారులో, పోయిన ఫైళ్లు తిరిగి తెచ్చే ప్రోగ్రామ్‌లు ఒకదాని తరువాత ఒకటి అదే డిస్కు మీదికి దించుకున్నాను. అంటే మా అమ్మ ముఖం మీద నా చేత్తో నేనే రాళ్లు పోశాను. అయ్యో అనిపిస్తోందా? ఇన్నేళ్ల తరువాత రాస్తుంటే నాకూ అనిపిస్తోంది. చివరికి ముప్పై ఏడు ఫైళ్లు తిరిగొచ్చాయి. వాటిలో చాలా వరకు పై భాగమే బొమ్మ, కిందంతా బూడిదరంగు. మిగతావాటికి మిగిలింది అగ్గిపెట్టెంత నమూనాలే.

అందుకే నీ జాబితాలో అన్నిటికంటే పైన రెండు బయటి హార్డ్ డిస్కులు రాసుకో. దాని కోసం లెన్సు ఆరు నెలలు ఆలస్యమైనా పరవాలేదు. ప్రతి బొమ్మకూ మూడు ప్రతులు, రెండు రకాల చోట్ల, వాటిలో ఒకటి ఇంటికి బయట. ఒక డిస్కు నీ బల్ల మీద, ఒకటి నా బీరువాలో, మూడో ప్రతి నీ కంప్యూటర్‌లోనో ఆన్‌లైన్‌లోనో. ఆన్‌లైన్‌లో కొన్నిటికి ఒకచోట తీసేస్తే అన్నిచోట్లా తీసేసే ఏర్పాటు ఉంటుంది, అలాంటివాటిని బ్యాకప్ అనుకోకు. రెండు ప్రతులు పడ్డాయని కళ్లతో చూసేదాకా కార్డును ఫార్మాట్ చెయ్యకు. నెలకోసారి బ్యాకప్‌లోంచి ఏదో ఒక బొమ్మ తెరిచి, పూర్తి సైజుకు పెంచి చూడు. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే. పొరపాటున కార్డులోంచి ఏదైనా పోతే వెంటనే కెమెరా ఆపేసి, కార్డు బయటికి తీసి, నాకు ఫోన్ చెయ్యి. ఏ వేళైనా సరే. రాత్రి తొమ్మిది దాటాక ఏ ఫోల్డరూ తీసెయ్యకు. నవ్వుకో, కానీ తీసెయ్యకు.

తిట్టినట్టుందా? తిట్టాను. నువ్వు ఫోనుతో తీసిన ఆ వర్షపు మెట్ల బొమ్మను నేను చాలాసేపు చూశాను. నీళ్ల చుక్క మీద కాకుండా మెట్టు అరిగిపోయిన చోట ఫోకస్ పెట్టావు. అది ఎవరూ నేర్పితే వచ్చేది కాదు. నీ బొమ్మలు ఉండాలనే నా గొడవంతా.

తిరిగొచ్చిన ముప్పై ఏడులో ఒకటి ఈ ఉత్తరంతో పెడుతున్నాను. పైన అమ్మ నుదురు, వంకరగా జారిన కళ్లజోడు, ఫ్రేము చుట్టూ బిగిసిన నీ నాలుగు వేళ్లు. నవ్వు దగ్గరికి వచ్చేసరికి బూడిదరంగు. నువ్వు తెలివైనవాడివి, ఈ కాలపు సాఫ్ట్‌వేర్ కింది సగాన్ని క్షణంలో నింపేస్తుందని నీకు తెలుసు. నింపకు. మా అమ్మ గడ్డం మీద ఎడమవైపున చిన్న పుట్టుమచ్చ ఉండేది, నవ్వితే పైకి జరిగేది. ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

ఇంకొక మాట. ఫొటోలు ఏమయ్యాయని మీ అమ్మ అడిగినప్పుడు కంప్యూటర్ చెడిపోయిందని చెప్పాను. ఇప్పటికీ అదే నమ్ముతోంది. ఈ ఉత్తరం చదివాక ఆమెకు ఇవ్వు. నేను ఆదివారం ఫోన్ చేస్తాను, ముందు ఆమెతో మాట్లాడతాను, తరువాత లెన్సు సంగతి చూద్దాం.

నీ
పెద్దమ్మ