ఫెడరల్ శాఖ బిల్లు ఆపేస్తే దావా ఎక్కడ?

ప్రశ్న: వర్జీనియాలో మాకు చిన్న ఐటీ కంపెనీ ఉంది. ఒక ఫెడరల్ శాఖతో నేరుగా కాంట్రాక్టు కుదిరింది. వాళ్లు చెప్పిన అదనపు పనికి మూడు ఇన్‌వాయిస్‌లు పంపాం. మొత్తం 1,32,000 డాలర్లు. అది కాంట్రాక్టులో లేని పనంటూ నాలుగు నెలల కిందట ఈమెయిల్ పెట్టి, డబ్బు ఆపేశారు. ఇక్కడి జిల్లా కోర్టులో నేనే స్వయంగా దావా వేయవచ్చా?

జవాబు: జిల్లా కోర్టులో ఈ దావా నిలవదు. ఇలాంటి తగాదాలకు 1978 నాటి కాంట్రాక్ట్ డిస్ప్యూట్స్ యాక్ట్ వర్తిస్తుంది. దాని కింద వెళ్లాల్సింది కాంట్రాక్ట్ అప్పీల్స్ బోర్డుకైనా, వాషింగ్టన్‌లోని కోర్ట్ ఆఫ్ ఫెడరల్ క్లెయిమ్స్‌కైనా. ఒకదాన్ని ఎంచుకున్నాక రెండోదానికి మారడం కుదరదు.

అయితే ఈ రెండు చోట్లకూ మీరు ఇప్పుడే వెళ్లలేరు, ఎందుకంటే మీరింకా ‘క్లెయిమ్’, అంటే రావాల్సిన డబ్బు కోసం చట్టం చెప్పిన పద్ధతిలో రాతపూర్వక డిమాండ్, పెట్టలేదు. మామూలుగా పంపిన ఇన్‌వాయిస్ క్లెయిమ్ కిందకు రాదు. చిన్న కంపెనీల కేసులు చాలా ఇక్కడే కొట్టుడుపోతున్నాయి. కాంట్రాక్టింగ్ ఆఫీసర్‌కు (శాఖ తరఫున కాంట్రాక్టు కుదిర్చే అధికారికి) విడిగా ఒక ఉత్తరం రాయండి. ఎంత రావాలో కచ్చితమైన అంకె వేయండి, ‘సుమారు’ అనవద్దు. ఎందుకు రావాలో వివరించి, ఫైనల్ డెసిషన్ ఇవ్వమని అడగండి. మొత్తం లక్ష డాలర్లు దాటింది కాబట్టి సర్టిఫికేషన్ (సంతకంతో ధ్రువీకరణ) తప్పనిసరి. క్లెయిమ్ సద్భావంతో పెట్టామనీ, ఆధారాలు తెలిసినంతవరకు సరైనవీ సంపూర్ణమైనవీ అనీ, అడిగిన మొత్తం ప్రభుత్వం బాకీ ఉందని నమ్ముతున్నదేననీ, సంతకం చేసేవారికి ఆ అధికారం ఉందనీ నాలుగు మాటలూ అందులో ఉండాలి. మాటల్లో చిన్న లోపముంటే తర్వాత దిద్దుకోవచ్చు. సర్టిఫికేషనే లేకపోతే దిద్దడానికేమీ ఉండదు. దాన్ని తప్పించుకోవడానికి ఒకే క్లెయిమ్‌ను ముక్కలు చేయకండి. ఈ క్లెయిమ్ పెట్టడానికి ఆరేళ్ల గడువుంది. కానీ వడ్డీ అది ఆఫీసర్‌కు అందిన రోజు నుంచే లెక్క, కనుక జాప్యం మీకే నష్టం.

ఆ తర్వాత 60 రోజుల్లో ఆఫీసర్ నిర్ణయమైనా ఇవ్వాలి, ఏ తేదీలోగా ఇస్తారో అయినా చెప్పాలి. రెండూ చేయకపోతే తిరస్కరించినట్లే భావించి ముందుకు వెళ్లవచ్చు. నిర్ణయం చేతికందిన రోజు నుంచి బోర్డుకు 90 రోజులు, కోర్టుకు 12 నెలలు గడువు. అందిన తేదీకి రుజువు దాచుకోండి.

కోర్టులో స్వయంగా వాదించడం వ్యక్తులకే సాధ్యం. కంపెనీ తరఫున, అది ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) అయినా సరే, అక్కడ నమోదైన లాయరే హాజరు కావాలి. జ్యూరీ ఉండదు, జడ్జి ఒక్కరే తేలుస్తారు.

మీ కేసులో నాకు అన్నిటికన్నా బెంగగా ఉన్నది మరొకటి: అదనపు పని చేయమన్నది ఎవరు? ప్రభుత్వం కట్టుబడేలా ఒప్పుకునే అధికారం కాంట్రాక్టింగ్ ఆఫీసర్‌దే. రోజూ మీతో మాట్లాడే సాంకేతిక ప్రతినిధికి కాంట్రాక్టు మార్చే అధికారం సాధారణంగా ఉండదు. ఆయన ‘చేసేయండి’ అన్నంత మాత్రాన డబ్బు రాదు. ఆఫీసర్‌కు ఆ పని సంగతి తెలుసని, తెలిసీ ఒప్పుకున్నారని చూపగలిగితే అప్పుడు బలం వస్తుంది. అందుకే క్లెయిమ్ రాసే ముందు పాత మెయిళ్లన్నీ తీయండి. ఆఫీసర్‌కు కాపీ వెళ్లిన ప్రతి మెయిల్‌నూ, ఆయన పాల్గొన్న ప్రతి మీటింగ్ నోట్స్‌నూ తేదీల వారీగా పేర్చి క్లెయిమ్‌కు జతచేయండి.