పునరమరికా? పునర్విన్యాసమా?

సందేహం: 'వేడివల్ల అమ్మోనియం లవణాల పునరమరిక' అని డిగ్రీ పిల్లల నోట్సులో శీర్షిక పెట్టాను. తోటి అధ్యాపకుడు 'పునఃవిన్యాసం' అని దిద్దారు. మా కాలేజీ తెలుగు మాష్టారు రెండూ తప్పే అంటున్నారు. గొడవ లేకుండా 'విఘటనం' అనేస్తే పోదా?
– రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, అమలాపురం

సమాధానం: మాష్టారి మాటే సరైనదమ్మా. 'అమరిక' మన తెలుగు మాట. దానికి సంస్కృతపు 'పునః' తగిలించి, పైగా విసర్గకు సంస్కృత సంధి చేస్తే వైరిసమాసం అవుతుంది. 'పునరాలోచన'లో రెండు ముక్కలూ సంస్కృతమే, కాబట్టి ఇబ్బంది లేదు. ఇక 'పునఃవిన్యాసం'లో సంధి తప్పింది. వ, జ, న వంటి అక్షరాల ముందు ఈ విసర్గ రేఫ అవుతుంది: పునర్విచారణ, పునర్జన్మ, పునర్నిర్మాణం. ప, స ముందయితే విసర్గగానే నిలుస్తుంది: పునఃప్రారంభం, పునఃసృష్టి. కాబట్టి పునర్విన్యాసం. 'ఉష్ణప్రేరిత' అనవచ్చు, 'వేడిప్రేరిత' అనకూడదు, కారణం అదే.

అయితే విన్యాసం అనగానే పిల్లలకు సర్కస్సూ సైనిక కవాతూ గుర్తొస్తాయి. పాఠం మొదటి వాక్యంలో 'అణువులో అమరిక మారడం' అని విప్పి చెప్పి, ఆ తర్వాత పారిభాషిక పదం వాడండి.

'విఘటనం' మాత్రం వద్దు. అజ్జరం ఇత్తడి గుండిగకు కళాయి వేసేటప్పుడు చూడండి. గుండిగ బాగా కాగాక నవాసాగరం పొడి చల్లుతారు, గుప్పున తెల్లపొగ లేస్తుంది. నవాసాగరమంటే అమ్మోనియం క్లోరైడే. వేడికి అది అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువులుగా విడిపోతుంది. పైన గాలి చల్లగా తగలగానే మళ్ళీ కలిసి నవాసాగరమే అవుతుంది. ఆ తెల్లదనం దానిదే. విఘటనమంటే ఇదీ. అమ్మోనియం నైట్రైట్‌ను వేడిచేస్తే నైట్రజన్, నీరు వస్తాయి. అవి తిరిగి కలవవు కనుక అది వియోగం.

మీ పాఠంలోది, నేననుకోవడం, హాఫ్‌మన్–మార్షియస్ చర్య. ఎన్-మిథైల్ ఎనిలీన్ హైడ్రోక్లోరైడ్‌ను కొన కరిగించి మూసిన గాజుగొట్టంలో 200 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ దాకా కాచితే, నైట్రజన్‌కు అంటుకున్న మిథైల్ సమూహం బెంజీన్ వలయంలో ఆర్థో (పక్క), పారా (ఎదుటి) స్థానాలకు చేరి టోలుయిడీన్ లవణాలు వస్తాయి. ముందూ వెనకా అణుభారం ఒక్కటే. ఆకుమడిలో పీకిన నారే ఊడ్పుచేలో నాటుకున్నట్టు. కానీ మిథైల్ నేరుగా గెంతదు. క్లోరైడ్ దాన్ని లాక్కుని మిథైల్ క్లోరైడ్ అవుతుంది, ఎనిలీన్ మిగులుతుంది. తర్వాత ఆ మిథైలే వలయాన్ని పట్టుకుంటుంది. మిథైల్ క్లోరైడ్ మరిగేది సున్నాకు 24 డిగ్రీల దిగువన. గొట్టం సరిగ్గా మూయకపోతే అది గాలిలో కలిసిపోయి ఎనిలీనే మిగులుతుంది. అప్పుడు 'పునర్విన్యాసం' అని రాస్తే అబద్ధమే. మధ్యలో ఏం జరిగినా, చివరి లెక్కలో పరమాణువులన్నీ ఉంటేనే ఆ పేరు చెల్లుతుంది.

ఇంకా తేలికైన ఉదాహరణ కావాలంటే యూరియా ఉంది. 1828లో జర్మన్ రసాయనవేత్త వోలర్ సిల్వర్ సయనేట్‌కు నవాసాగరం కలిపి, వడగట్టిన ద్రావణాన్ని ఆవిరి పట్టించాడు. అందులో ఏర్పడిన అమ్మోనియం సయనేట్ కాస్తా యూరియాగా మారింది. రెంటిలోనూ ఒక కార్బన్, నాలుగు హైడ్రోజన్లు, రెండు నైట్రజన్లు, ఒక ఆక్సిజన్. మీ పిల్లల్లో చాలామంది ఇళ్ళల్లో 45 కిలోల బస్తా ఉంటుంది కనుక వెంటనే పట్టుకుంటారు. యూరియాను 133 డిగ్రీలు దాటించి ఇంకా కాచితే అమ్మోనియా పోయి బైయూరెట్ అనే వేరే పదార్థం మిగులుతుంది; అక్కడ మళ్ళీ ఈ మాట పనికిరాదు.

శీర్షికలో 'అమ్మోనియం' అని మీరు రాసిందే సరి. కొందరు 'అమ్మోనియా లవణాలు' అని రాస్తారు. అమ్మోనియా వాయువు, లవణంలో ఉండేది అమ్మోనియం అయాను. 'ఉష్ణప్రేరిత అమ్మోనియం లవణాలు' అని మాత్రం అతికించకండి, లవణాలనే వేడి పుట్టించిందన్న అర్థం వస్తుంది. 'అమ్మోనియం లవణాల ఉష్ణప్రేరిత పునర్విన్యాసం' అనండి.